నూట పద్నాలుగో నంబరు తుపాకి

మిట్టకోట స్మారక మందిరంలో ఉన్న వస్తువులన్నీ పనిచెయ్యాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది.

"ప్రదర్శనలో ఉంచబడిన ప్రతి వస్తువు తన ప్రయోజనమును నెరవేర్చు స్థితిలో ఉండవలెను. నిర్జీవ వారసత్వము జాతికి భారము. కావున సజీవ వారసత్వ పథకము క్రింద నలభై అయిదు రోజులలోగా సమస్త వస్తువులను సజీవము గావించి, ఆ మేరకు నివేదిక సమర్పింపవలసినదిగా ఆదేశించడమైనది" అని అందులో ఉంది. కింద సంతకం, సంతకం కింద ముద్ర, ముద్ర కింద మళ్ళీ ఇంకో సంతకం.

మందిరం ఇన్‌చార్జి అధికారి పుండరీకాక్షం గారు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితం మాట కూడా జవదాటినవాడు కాడు. మర్నాడే పని మొదలుపెట్టించాడు. పాళెగాళ్ళ కాలం నాటి తిరగలి ముందు ఊడ్చే మారెమ్మ కూర్చుని రెండు గంటలు రాగులు విసిరింది. తిరగలి సజీవం అని రాసుకున్నారు. పల్లకీ పనిచేస్తుందో లేదో తెలియాలంటే అందులో మనిషి ఉండాలి, ఆ మనిషి పల్లకీ ఎక్కదగినవాడై ఉండాలి. ఆఫీసులో అటువంటి హోదా ఉన్నది పుండరీకాక్షం గారొక్కరికే గనక ఆయనే ఎక్కాడు. నలుగురు అటెండర్లు మోశారు. గేటు దగ్గర ఎడం పక్క బొంగు విరిగి ఆయన నడుం పట్టేసింది. "పల్లకీ గేటు వరకు సజీవము" అని ఆయనే పడుకుని నివేదిక చెప్పి రాయించాడు.

ఎంత చేసినా ప్రాణం రానిది ఒకటే మిగిలింది. నూట పద్నాలుగో నంబరు, చెకుముకి తుపాకి.

మందిరానికి పేరు తెచ్చిందే ఆ తుపాకి. "వీర పాళెగాడు చిన్నరామప్ప నాయకుడు కుంఫిణీ సేనపై ఎక్కుపెట్టిన తుపాకి" అని అద్దాల పెట్టె కింద అట్ట ఉంది. బడిపిల్లలు వరసగా వచ్చి దానికి సెల్యూట్ కొట్టి పోతుంటారు. మీట నొక్కితే కొక్కేనికి బిగించిన చెకుముకి రాయి ఉక్కురేకును గీరుకుని నిప్పురవ్వ రాలాలి, ఆ రవ్వ మందుగిన్నెలో పడాలి, అప్పుడది పేలాలి. దీని కొక్కెం విరిగిపోయి ఏనాడయిందో. మీట కదలదు. కర్ర నిలువునా చీలింది. తుప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు.

అలాంటి పని తెలిసినవాడు జిల్లా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడని ఎవరో చెప్పారు. కమ్మరి వీధిలో కాళాచారి. అరవై అయిదు దాటినా ఇంకా కొలిమి ఆర్పలేదు. కొడవళ్ళు చేస్తాడు, తాళాలు విప్పుతాడు, బోరు మోటార్లకు ఇరుసులు సరిచేస్తాడు. అటెండర్ వెళ్ళి తుపాకి మాట చెప్పేసరికి చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టి, ఎంతిస్తారని కూడా అడక్కుండా, చొక్కా వేసుకుని బయల్దేరాడు. "కూలి మాట్లాడుకోకుండా పోతాండావే, మతి గితి పోయిందా" అని భార్య గోవిందమ్మ వెనకనుంచి అరుస్తూనే ఉంది.

ఎందుకు బయల్దేరాడో ఆవిడకీ తెలుసు. కాళాచారి తండ్రి నాగలింగాచారి బతికున్నన్నాళ్ళూ ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేవాడు. మందిరంలో తుపాకి చిన్నరామప్పది కాదు, దాన్ని చేసింది నేనే అని. పాళెగాడి తుపాకిని కుంఫిణీవాళ్ళు ఆనాడే కరగబోశారట. తర్వాత ఎప్పుడో ఊరివాళ్ళు ఆయన పేరు మీద ఉత్సవం తలపెట్టి, జ్ఞాపకార్థం అచ్చం అలాంటి తుపాకి చేసిపెట్టమని నాగలింగాచారిని అడిగారు. పాత బండిచక్రాల పట్టాలు చీల్చి, కాల్చి, కడ్డీ చుట్టూ మెలేసి గొట్టం చేశాడు. పదకొండు నెలలు పట్టింది. ఉత్సవం అయిపోయింది, తుపాకి మందిరం చేరింది, ఉత్సవం చేసిన పెద్దలూ పోయారు. మందిరాన్ని ప్రభుత్వం తీసుకున్న రోజున రిజిస్టరు రాయడానికి వచ్చిన గుమాస్తా, ఈ తుపాకి ఎవరిదని వాచ్‌మన్‌ను అడిగాడు. చిన్నరామప్పదని వాచ్‌మన్ చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. ఆ రోజునుంచి నాగలింగాచారి అబద్ధాలకోరు అయిపోయాడు. టీ అంగడి దగ్గర జనం "ఏం మామా, తాజ్‌మహల్‌కు తలుపులు బిగించింది గూడా నువ్వేనంట గదా" అని ఆడించేవారు. ఆ ఎగతాళి వింటూనే పెద్దాయన కన్నుమూశాడు. కాళాచారికి అది మనసులో ముల్లులా ఉండిపోయింది. మీ నాయన అబద్ధం ఆడలేదయ్యా అని ఒక్కసారి, ఒక్క నోటితో అనిపించాలి. అంతకుమించి అతనికి కావలసింది లేదు.

అనిపించడానికి ఆధారం కూడా ఉంది. కమ్మరి తన గుర్తు పనిముట్టు పైన వెయ్యడు. పైన పడేది చేయించుకున్నవాడి పేరు. తన గుర్తు లోపల, విప్పితే తప్ప కనపడని చోట కొడతాడు. ఎప్పుడో ఒకనాటికి మరమ్మతుకు విప్పేవాడు ఇంకో కమ్మరే కదా, వాడు చూస్తే చాలని. నాగలింగాచారి గుర్తు మూడు గాట్లు, పక్కన ఒక చుక్క.

కాళాచారి తుపాకిని బల్లమీద పడుకోబెట్టి, మరలకు నూనె పట్టించి, ఒక పూటంతా ఓపిక పట్టి, పక్క రేకు ఊడదీశాడు. లోపల తుప్పు గీరాడు. మూడు గాట్లు, పక్కన చుక్క. పెద్దవాడు, నలుగురు ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

పుండరీకాక్షం గారు కంగారుపడ్డాడు. తుపాకిలో ఏదో ఉందంటే అది పరిశోధన కిందికి వస్తుంది, పరిశోధన తన పరిధిలోది కాదు. వెంటనే పైకి రాశాడు. వారం తిరక్కుండా విశిష్ట పరిశోధనాధికారి డాక్టర్ అనంతశయనం గారు భూతద్దంతో సహా దిగాడు. గాట్లను చూశాడు, చుక్కను చూశాడు, కళ్ళు మూసుకున్నాడు.

"మూడు గాట్లు మూడు దుర్గములు. బిందువు సూర్యుడు. ఇది పాళెగాని గూఢముద్ర. చరిత్రను తిరగరాయవలసి యున్నది" అన్నాడు.

కాళాచారి చేతులు కట్టుకుని, అది మా నాయన గుర్తని విన్నవించుకున్నాడు. ఆధారం ఏమిటన్నాడు డాక్టరు. కాళాచారి ఇంటికి పరుగెత్తి, గుర్తు కొట్టే ఉలి తెచ్చి చేతిలో పెట్టాడు. సీసపు రేకు మీద కొట్టి చూశారు. గాటు గాటుకూ, చుక్క చుక్కకూ సరిపోయింది. డాక్టరు గారు ఆ ఉలిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అక్కడికక్కడే రసీదు రాసిచ్చి ఉలిని స్వాధీనం చేసుకున్నాడు. అది రెండు వందల పన్నెండో నంబరు అయింది. "పాళెగాని రాజముద్రిక. స్థానిక కమ్మరి ఇంట లభ్యము" అని అట్ట పెట్టారు.

"ఆ కమ్మరికి ఒక పేరుండాది గద సార్" అన్నాడు కాళాచారి.

"ఉండవచ్చును. కాని నోటిమాట చరిత్ర కానేరదు. లిఖితపూర్వకమైన ఆధారం ఏమైనా యున్నదా?"

"మా నాయనకు సదువు రాదు సార్."

"అదియే వచ్చిన చిక్కు" అని డాక్టరు జాలిపడ్డాడు. నెలలోపల 'గూఢముద్ర: ఒక సమగ్ర పరిశీలన' అని నలభై ఎనిమిది పేజీల పుస్తకం వేశాడు. అందులో మూడు గాట్లకు ముప్పై పేజీలు, చుక్కకు పద్దెనిమిది.

కాళాచారి నోరు మూసుకుని మరమ్మతులో పడ్డాడు. పేరు రాకపోతే పోయింది, పని అన్నా నిలబెడదామనుకున్నాడు. బస్సు కమాను కట్ట ముక్క కోసి కొక్కెం చేశాడు. స్ప్రింగుకు పదును పెట్టేటప్పుడు ఉక్కు నీలిరంగుకు తిరిగిన క్షణాన నీళ్ళలో ముంచాలని నాయన చెప్పిన మాట మరిచిపోలేదు. రెండుసార్లు విరిగింది, మూడోసారి నిలబడింది. చీలిన కర్రకు లోపలనుంచి మేకులు దిగేసి బయటికి అతుకు తెలియకుండా సాపు చేశాడు. ఊరి వంక ఇసుకలో నాలుగు రోజులు తిరిగి మంచి చెకుముకి రాయి ఏరుకొచ్చాడు. విప్పిన రేకు బిగించేముందు నాయన గుర్తు పక్కన ఇంకేమీ కొట్టలేదు. కొడదామన్నా ఉలి అద్దాల పెట్టెలో ఉంది.

నలభై మూడో రోజున మందిరం వెనక ఖాళీస్థలంలో, గుండు పెట్టకుండా ఉత్త మందు వేసి, పుండరీకాక్షం గారి సమక్షంలో మీట నొక్కాడు. తుపాకి పేలింది. కాకులన్నీ ఒక్కసారి లేచాయి. పుండరీకాక్షం గారు నడుం నొప్పి మరిచిపోయి కాళాచారిని కౌగిలించుకున్నాడు. "నూట పద్నాలుగు, సజీవము" అని నివేదిక పోయింది.

నివేదిక అందిన అయిదో రోజున భౌతిక తనిఖీ అధికారిణి కుముదవల్లి గారు వచ్చారు. రిజిస్టరులో ఉన్న వస్తువు ఎదుట ఉందా లేదా చూడ్డం ఆవిడ పని. నూట పద్మూడు దాకా సజావుగా నడిచింది. నూట పద్నాలుగు దగ్గర ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు.

"చెకుముకి తుపాకి ఒకటి. కొక్కెము విరిగినది. మీట కదలదు. కర్ర చీలినది. తుప్పుపట్టినది" అని చదివి తుపాకి చేతిలోకి తీసుకున్నారు. కొక్కెం లాగి చూశారు, మీట నొక్కి చూశారు. టిక్కుమంది. కర్ర తడిమి చూశారు.

"ఇది ఆ తుపాకి కాదు" అన్నారు.

మరమ్మతు చేయించామని పుండరీకాక్షం గారు సర్క్యులర్ చూపించాడు, మరమ్మతు ఫైలు చూపించాడు, చివరికి మనిషి సాక్ష్యంగా కాళాచారిని పిలిచి చూపించాడు. ఆవిడ అన్నీ మర్యాదగా చూశారు. మరమ్మతు అయినట్టు తాను ఒప్పుకుంటే రిజిస్టరు తప్పని ఒప్పుకున్నట్టవుతుందనీ, రిజిస్టరు తప్పవడానికి నిబంధనల్లో ఎక్కడా అవకాశం లేదనీ నిదానంగా వివరించారు. రిజిస్టరులో విరిగిన తుపాకి ఉంది. ఎదురుగా విరగని తుపాకి ఉంది. అంటే విరిగిన తుపాకి ఎవరో ఎత్తుకుపోయారు, దాని చోట మంచిది పెట్టారు.

"అమ్మా, మంచిది పెట్టి యిరిగింది యెత్తకపోయే దొంగ యాడన్నా ఉంటాడా?" అన్నాడు కాళాచారి.

"దొంగ ఉద్దేశం నిర్ధారించుట పోలీసు శాఖ పరిధిలోనిది" అన్నారావిడ. సాయంత్రానికి ఫిర్యాదు వెళ్ళింది.

ఎస్సై కుర్రవాడు, చురుకైనవాడు. పరిశోధనలూ గూఢముద్రలూ అతనికి పట్టవు. అసలుది పోయింది, నకిలీది దొరికింది, కాబట్టి నకిలీది ఎవడు చేశాడన్నదొక్కటే అతనికి కావాలి. కాళాచారిని కూర్చోబెట్టి అదే అడిగాడు.

"మా నాయన చేసినాడు సార్" అన్నాడు కాళాచారి. యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లోవాళ్ళు ఎవరికి చెప్పినా నవ్వి ఊరుకున్న మాట అది.

ఎస్సై నవ్వలేదు. "పేరు?" అన్నాడు, కలం తీసి.

కాళాచారి లేచి నిలబడ్డాడు. "కమ్మరి నాగలింగాచారి" అన్నాడు. ఎస్సై రాసుకున్నాడు. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఇంటి నంబరు, వీధి పేరు, పని ఎన్ని నెలలు పట్టిందీ, గొట్టానికి ఏ ఇనుము వాడిందీ, అన్నీ రాసుకుని పైకి చదివి వినిపించి, సరిగ్గా ఉందా అని కూడా అడిగాడు. మందిరం నుంచి రెండు వందల పన్నెండో నంబరు ఉలి తెప్పించి, తుపాకి లోపలి గుర్తుతో సరిచూడమని డాక్టర్ అనంతశయనం గారికి నిపుణుడి హోదాలో పంపాడు. రెండే రోజుల్లో జవాబు వచ్చింది. ముద్ర కమ్మరి నాగలింగాచారిదే, సందేహమునకు ఎట్టి తావు లేదు అని. మరి నలభై ఎనిమిది పేజీల పుస్తకం మాటేమిటని ఎవరో అడిగితే, అది పోయిన తుపాకి మీది గూఢముద్రను గురించి రాసిందని డాక్టరు గారు సెలవిచ్చాడు.

కేసు కట్టారు. ఎ-1 కమ్మరి నాగలింగాచారి, చనిపోయినట్టు ఫైల్లో కాగితం ఏదీ లేదు గనక పరారీలో ఉన్నాడు. ఎ-2 అతని కొడుకు కాళాచారి. సాక్ష్యానికి పిలిచి ఎ-1 పేరు చెప్పమంటే గోవిందమ్మ మామగారి పేరు కోడలు నోటితో ఎట్లా పలుకుతుందని మొండికేసింది. సాక్షి సహకరించలేదని రాశారు. తుపాకిని స్టేషన్లో పెడదామంటే అక్కడ పట్టుబడ్డ మోటారుసైకిళ్ళకే చోటు లేదు. అందుకని మందిరంలోనే ఒక మూల బీరువాలో పెట్టి, మీటకు దారం కట్టి, లక్క సీలు వేసి, అట్ట వేలాడదీశారు. అట్టమీద గుండ్రటి అక్షరాలతో "వస్తువు: చెకుముకి తుపాకి. తయారుచేసిన వ్యక్తి: కమ్మరి నాగలింగాచారి, కమ్మరి వీధి, మిట్టకోట" అని ఉంది. కోర్టు తేల్చేదాకా ఆ సీలు ఎవరూ తియ్యడానికి లేదు.

పాత అద్దాల పెట్టెను తియ్యలేదు. ఖాళీగానే ఉంచారు. పోయిన తుపాకి పోయినంత మాత్రాన చిన్నరామప్ప నాయకుడి శౌర్యం పోదు కదా అని పైనుంచి వచ్చింది. ఇంకోసారి దొంగతనం జరక్కుండా దానికి ఒక గార్డును కూడా వేశారు. శౌర్య వారోత్సవాల నాడు పెద్దలు వచ్చి ఖాళీ పెట్టెకు పూలదండ వేశారు, పిల్లలు వరసగా వచ్చి సెల్యూట్ కొట్టారు. వస్తువు లేకపోయినా తన ప్రయోజనాన్ని నెరవేర్చింది గనక సజీవమే అని నివేదిక వెళ్ళింది.

ఒక మధ్యాహ్నం పుండరీకాక్షం గారు తానుగా కమ్మరి వీధికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోవిందమ్మ మజ్జిగ ఇస్తే తాగలేదు. కండువాలో ఏదో చుట్టుకొచ్చాడు. విప్పితే సుత్తి.

"కాళాచారీ, సీలు చెడకుండా నీవు ఆ కొక్కెం మాత్రం ఒక్క దెబ్బ కొట్టు. కర్ర కొంచెం చీల్చు. కుముదవల్లి గారితో మాట్లాడాను. రిజిస్టరు ప్రకారం విరిగిన తుపాకి కనపడితే పోయిన వస్తువు దొరికినట్లే. కేసు ఎత్తేస్తారు. నీవు ఇంట్లో హాయిగా ఉంటావు, వస్తువు పోయిన బాధ్యత తొలగి నాకు పింఛను వస్తుంది" అన్నాడు. అధికారి అయ్యుండి బతిమాలుతున్నాడు.

"అప్పుడు ఆ అట్ట యేమయితాది సార్?"

"తీసేస్తారు. పాత అట్ట పెడతారు. చిన్నరామప్ప నాయకుడిది."

గోవిందమ్మ గడపలో నిలబడి వింటోంది. ముసలితనంలో కోర్టు మెట్లు ఎక్కడం ఎందుకు, ఎట్లాగో కేసు వదిలించుకుంటే పీడా పోతుంది కదా అని అంతకుముందు వారం రోజులుగా పోరు పెట్టింది ఆవిడే. కాళాచారి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మామ పేరు గూడా పోతాది గదా" అంది.

కాళాచారి సుత్తిని మళ్ళీ కండువాలో చుట్టి ఆయన చేతిలో పెట్టాడు.

"బాగుజేసిన చేత్తో యిరగ్గొట్టలేను సార్. నేను దొంగనైతే అయినాను. మా నాయన అబద్దాలకోరు గాకుండా పోయినాడు. అది సాలు."

పుండరీకాక్షం గారు కండువా చంకలో పెట్టుకున్నాడు. తర్వాత ఆ మజ్జిగ అడిగి పుచ్చుకుని తాగి వెళ్ళాడు.

అది జరిగి మూడేళ్ళు. నెలకొక వాయిదా పడుతోంది. వాయిదా రోజున కాళాచారి ఉతికిన పంచె కట్టుకుని, ముందు మందిరానికి వెళ్ళి, ఖాళీ పెట్టె ముందున్న గుంపును తప్పుకుని, మూల బీరువా దగ్గర నిలబడి అట్ట చదువుకుంటాడు. గార్డు కూడా ఏమీ అనడు. అక్కడినుంచి కోర్టుకు పోతాడు. గోవిందమ్మ కూడా వస్తుంది, వరండాలో అరుగుమీద కూర్చుంటుంది. టీ అంగడి దగ్గర "ఏం మామా" అని ఆడించినవాళ్ళలో మిగిలిన ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు కూడా ఏదో ఒక పని పెట్టుకుని అక్కడే తచ్చాడుతుంటారు.

పదకొండు గంటలకు కోర్టు బంట్రోతు బిళ్ళ సరిచేసుకుని వరండాలోకి వస్తాడు. పరారీలో ఉన్న ముద్దాయిని మూడుసార్లు పిలవాలని రూలు. గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినపడేలా పిలుస్తాడు.

"చెకుముకి తుపాకి చేసిన కమ్మరి నాగలింగాచారీ! కమ్మరి నాగలింగాచారీ! కమ్మరి నాగలింగాచారీ!"

కాళాచారి చేతులు జోడించి నిలబడి వింటాడు. ముద్దాయి హాజరు కాలేదని రాసుకుని, మళ్ళీ నెలకు వాయిదా వేస్తారు.

ప్లీడరు మంచివాడు. మీ నాయన చనిపోయినట్టు సర్టిఫికెట్ ఒకటి దాఖలు చేస్తే ఎ-1 పేరు కొట్టేస్తారు, ఎ-1 పోతే కేసే నిలవదు, ఒక్క వాయిదాలో బయటపడతావు అని ప్రతినెలా చెబుతాడు. ఆ సర్టిఫికెట్ ఇంట్లో ట్రంకుపెట్టెలో, గోవిందమ్మ పెళ్ళిచీర మడతలో భద్రంగా ఉంది.

"యెతుకుతాండా సామీ" అంటాడు కాళాచారి. "యాడ పెట్నానో, దొరకడంల్యా."